ఆకుకూర మడుల్లో పిల్లుల బెడద: మందు పెట్టకండి, మడి మార్చండి

ప్రశ్న: తెనాలి దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక 3 సెంట్ల పెరట్లో తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర వేస్తాను. ఇంటికి పోగా మిగిలింది ఊళ్లోనే అమ్ముతాను. రెండు నెలలుగా వీధి పిల్లులు కొత్తగా విత్తిన మడులను గోకి, గుంటలు చేసి, అందులోనే దొడ్డికి పోతున్నాయి. తోటకూర విత్తనం రెండుసార్లు పోయింది. మడులకు మీనామృతం (చేపల్ని బెల్లంతో పులియబెట్టిన ద్రావణం) పోస్తుంటాను. గుళికల మందు అన్నంలో కలిపి పెట్టమని ఒకరు, కలరా ఉండలు చల్లమని ఇంకొకరు చెబుతున్నారు. మా కోడలికి అయిదో నెల. ఈ ఆకుకూర తినొచ్చా? మా గడ్డివాములో ఓ పిల్లి పిల్లల్ని కూడా పెట్టింది. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఆ గుళికల డబ్బా ఇంట్లో ఉంటే పిల్లలకు అందకుండా తాళం వేయండి. చాలామంది వాడే ఫోరేట్ గుళికలపై 2020 చివరి నుంచి దేశంలో నిషేధం ఉంది. అది పిల్లి ఒక్కదానితో ఆగే విషం కాదు. ఆ అన్నం కుక్క తినొచ్చు, కోడి తినొచ్చు. చచ్చిన పిల్లిని పీక్కుతిన్న కాకి కూడా చస్తుంది. నాలుగు గుళికలు మడిలో రాలితే వేళ్లు ఆ విషాన్ని పీల్చి ఆకులోకి ఎక్కిస్తాయి. ఆ ఆకు మీ కోడలి కంచంలోకే వస్తుంది. పైగా విషం పెట్టి జంతువును చంపడం నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడొచ్చు.

కలరా ఉండలూ వద్దు. పసిపిల్లలు పిప్పరమెంట్లనుకుని నోట్లో పెట్టుకుంటారు. ఫినాయిల్ కూడా చల్లకండి, దాన్ని పిల్లి శరీరం అరిగించుకోలేదు. పాదాలకు అంటింది నాకినా చాలు, జబ్బుపడుతుంది. కారం చల్లితే దాని కళ్లూ పాదాలూ మండుతాయి, కలుపు తీసేటప్పుడు మీ చేతులూ మండుతాయి. నిమ్మ, బత్తాయి తొక్కల వాసన పిల్లికి గిట్టదు కానీ ఎండకు ఒకటి రెండు రోజుల్లో పోతుంది. దాని మీదే ఆధారపడలేం.

మీ ప్రశ్నలోనే అసలు కారణం ఉంది. పిల్లి తన మలాన్ని పూడ్చుకునే జంతువు. అందుకు దానికి మెత్తగా, పొడిగా, గోకగానే లేచే మన్ను కావాలి. తోటకూర విత్తనం సన్నది కాబట్టి ఇసుకలో కలిపి చల్లుతాం, మడిని పిండిలా చేస్తాం. పిల్లికి అంతకన్నా అనువైన చోటు ఊళ్లో ఇంకెక్కడుంటుంది? దానికి తోడు మీరు మీనామృతం పోస్తున్నారు. చేపల వాసన నేలలో ఉన్నన్నాళ్లూ పిల్లి వెతుక్కుంటూ వస్తుంది. ఆకుకూర మడులకు దాన్ని ఆపేయండి. బదులుగా జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన ద్రావణం) ఇవ్వండి. ఎకరానికి 200 లీటర్ల లెక్కన మీ 3 సెంట్లకు 6 లీటర్లు చాలు. మీనామృతం కావాలంటే దూరంగా ఉన్న సొర, బీర పాదులకు, మొదట్లో చిన్న గాడి తీసి పోసి మన్ను కప్పండి. చేపలు కడిగిన నీళ్లు, పొలుసులు కూడా మడుల దగ్గర వద్దు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. గట్ల మీద కుప్పింటాకు మొలిచిందేమో చూడండి. దాని వేరు వాసన పిల్లికి మత్తులాంటిది. పీకి మడిలోనే పడేస్తే వాసన మరీ బయటపడి, పిల్లి వచ్చి అక్కడే పొర్లుతుంది. వేరుతో సహా తీసి పెరటి బయట వేయండి.

విత్తనాన్ని కాపాడేది మాత్రం జాలీయే. విత్తిన రోజే కోళ్ల జాలీని మడి మీద పరిచి, నాలుగు వైపులా మేకులతో బిగించండి. తీగ కొసలు లోపలికి మడవండి. మొక్క కన్నాల్లోంచి పైకొస్తుంది, పిల్లి మాత్రం గోకలేదు. తోటకూర మూడు నాలుగు రోజుల్లోనే మొలుస్తుంది కానీ కొత్తిమీరకు వారం దాటుతుంది కాబట్టి ఆ మడికి తొందరపడి తీయకండి. మొక్కలు నాలుగు అంగుళాలు పెరిగి, నేల కనపడనంత ఒత్తుగా అయ్యాక తీసి పక్క మడికి వాడుకోవచ్చు. జాలీ కొనడం భారమైతే కంది కంపను జానెడు ఎడంతో అడ్డంగా, నిలువుగా పరచండి. రేగు కంప, తుమ్మ కంప వేయకండి. పిల్లి పాదంలోనూ ముల్లు దిగుతుంది, ఆకు కోసే మీ చేతిలోనూ దిగుతుంది. పాత చేపల వలలను వదులుగా పరవడం కూడా ప్రమాదమే. ఎలుకల్ని తినే జెర్రిగొడ్లు అందులో చిక్కి చచ్చిపోవడం నేను చూశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సాయంత్రం పూట మడిని పల్చగా తడపండి. తడి నేలను పిల్లి ఇష్టపడదు. నీళ్లు నిలవనిస్తే మాత్రం నారు కుళ్లుతుంది.

మడుల్లోకి రానివ్వనప్పుడు దానికీ ఓ చోటు చూపించాలి. పెరట్లో మడులకు, బోరుకు దూరంగా, వాన పడని మూల మూడడుగుల చదరంలో అరడుగు లోతు పొడి ఇసుక పోయండి. మడిలో తీసిన మలం కాస్త అక్కడ వేస్తే పిల్లి వాసన పట్టి అలవాటు పడుతుంది. ఈ పని మీ కోడలు చేయకూడదు.

కోడలి విషయం చెబుతాను. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లలాంటి రూపంలో వస్తుంది. గర్భిణికి మొదటిసారి అది సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. మలం పడిన రోజే అది అంటదు, అందుకు కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఇసుకనూ మడులనూ రోజూ చూసి, మలాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా పారతో తీసి అడుగు లోతున పాతిపెట్టండి. తీసేవాళ్లు చేతికి తొడుగు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. మలాన్ని వదిలేస్తే ఆ పరాన్నజీవి తడి నేలలో ఏడాదికి పైగా బతికి ఉంటుంది. పిల్లి మలాన్ని ఎరువుకుప్పలో వేయకండి.

ఆకుకూర తినొచ్చు. ధారగా పోసే నీళ్ల కింద ఆకు ఆకూ రుద్ది కడిగి, బాగా ఉడికించాలి. ఉప్పు, పసుపు నీళ్లలో ముంచినంత మాత్రాన ఆ పరాన్నజీవి చావదు. పచ్చి కొత్తిమీర పైన చల్లుకోవడం కోడలు ఈ నెలల్లో మానేస్తే మంచిది. మాంసం కూడా పూర్తిగా ఉడకాలి. ఆమె ఇప్పటికే మడుల్లో పనిచేసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, అవసరమనుకుంటే రక్త పరీక్ష రాస్తారు. గోకిన మడిలో ఇప్పుడున్న ఆకును అమ్మకానికి కోయకండి, మీ దగ్గర కొనేవాళ్లలోనూ గర్భిణులు ఉంటారు.

గడ్డివాములో కూనల్ని ఇప్పుడు కదపకండి. ఎనిమిది వారాలకు పాలు మానతాయి. చుట్టూ వరి పొలాలున్న మీ ఊళ్లో తల్లిపిల్లి ఎలుకల్ని పట్టి మీకు మేలే చేస్తోంది. అయితే పిల్లి చూలు తొమ్మిది వారాలే, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. కూనలు పాలు మానాక తల్లిని గోనెసంచిలో కాకుండా గాలాడే బుట్టలో పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించండి. కూనలకు అయిదారు నెలలు నిండాక వాటికీ చేయించవచ్చు.