కోవిడ్‌లో మా అన్నయ్య పోయి ఇన్నేళ్లయినా అంబులెన్స్ శబ్దం వింటే దడ వస్తోంది. ఇది నాకొక్కడికేనా?

కాదండీ. సైరన్ వినపడితే చేతులు చల్లబడటం, రాత్రి ఊపిరాడట్లేదేమోనని లేచి కూర్చోవడం, ఇంట్లోవాళ్లు "ఇంకా ఆ కరోనా గోలేంటి" అనడం, మీరు రాసినవన్నీ నాకూ జరిగాయి. నేను డాక్టర్ని కాను, పడ్డవాడిగా చెబుతున్నాను.

మాది గుంటూరు. 2021 మే మొదటి వారంలో ఇంట్లో ముగ్గురికీ పాజిటివ్ వచ్చింది. నాన్నను ముందుగదిలో ఉంచి, తలుపు దగ్గర స్టూలు మీద అన్నం పెట్టేవాళ్లం. తినేశాక ఆయన కంచం మళ్లీ స్టూలు మీద పెట్టిన చప్పుడు వినగానే వంటింట్లోంచి అమ్మ "తిన్నారు" అనేది. నాలుగో రోజు ఎంతసేపటికీ ఆ చప్పుడు లేదు. వెళ్లి ఆక్సీమీటర్ పెడితే 86. ఆ రాత్రంతా బెడ్ కోసం ఫోన్లే. తెల్లారాక ఒక ఆసుపత్రిలో దొరికింది. ఆరు రోజులు వీడియో కాల్లోనే చూసుకున్నాం. ఏడో రోజు ఆసుపత్రివాళ్లే ఫోన్ చేశారు.

శ్మశానంలో పీపీఈ కిట్లు వేసుకున్నవాళ్లే అంతా కానిచ్చారు. నేను దూరంగా నిలబడి చూశాను. అమ్మకు ఆఖరిచూపు కూడా దక్కలేదు. పెద్దకర్మకు ఎవరూ రాలేదు, రమ్మని మేమూ పిలవలేదు.

తర్వాత నేను ఏడవలేదు. డెత్ సర్టిఫికెట్, బ్యాంకు పనులు, అమ్మ మందులు. చూసినవాళ్లంతా "గట్టివాడివిరా" అన్నారు. నాలుగైదు నెలలకు, కేసులు తగ్గి జనం మళ్లీ పెళ్లిళ్లకు తిరుగుతున్నప్పుడు నాకు మొదలైంది. రాత్రి రెండింటికి మెలకువ. వేలికి ఆక్సీమీటర్, 98. ఇంకో వేలికి పెడితే 97. ఆ ఒక్క అంకెకే ఒళ్లంతా చెమటలు. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్. సైకియాట్రిస్టును కలవమని మా డాక్టరుగారు చెబితే, నలుగురూ ఏమనుకుంటారోనని రెండు నెలలు వెళ్లలేదు. ఆ రెండు నెలలు ఊరికే నరకం పడ్డాను. మీరు మాత్రం అలా చేయకండి.

చివరికి వెళ్తే, ఆ సైకియాట్రిస్టు నా గుండె గురించి తక్కువ, నాన్న గురించి ఎక్కువ అడిగారు. నాకు వస్తున్నవి పానిక్ అటాక్‌లని చెప్పి మాత్రలు రాశారు. అవి పనిచేయడానికి మూడు వారాలు పట్టింది, ఈలోపు మానేయకండి. ఆక్సీమీటర్ గురించి ఆవిడ చెప్పిన మాట నాకు బాగా ఉపయోగపడింది: చూసిన ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది, అందుకే మళ్లీ చూడాలనిపిస్తుంది, అలా అదే అలవాటవుతుంది. రోజుకు ఒకసారికి తగ్గించి, చివరికి బ్యాటరీలు తీసేసి బీరువాలో పెట్టేశాను.

2022లో నాన్న సంవత్సరీకానికి మాత్రం అందరినీ పిలిచాం. మావయ్య నాన్న చిన్నప్పటి సంగతులు చెబుతుంటే అమ్మ తొలిసారి బావురుమంది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. మాత్రలు ఎంత మేలు చేశాయో ఆ రోజూ అంతే మేలు చేసిందని నా నమ్మకం. మన ఇళ్లలో చావుకు నలుగురూ వచ్చి కూర్చోవడం ఊరికే పెట్టిన ఆచారం కాదు. ఆ రెండేళ్లలో ఎన్ని ఇళ్లకు అది లేకుండా పోయిందో!

కోవిడ్ మొదటి ఏడాదిలోనే ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కాబట్టి మీ వాళ్లు "గోల" అన్నా మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. ఇప్పటికీ నాకు మే నెల కష్టంగానే ఉంటుంది, కానీ నిద్రపోతున్నాను.

డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి జంకుగా ఉంటే ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, మీ అన్నయ్య పోయిన రోజు గురించి ఇక్కడ రెండు ముక్కలు రాశారు కదా, అక్కడి నుంచే చెప్పండి.