తేదీలు సరిచూసుకుని రా

విజయనగరం

బుజ్జీ,

జులైలో ఉద్యోగం వదిలేసి వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పినంతసేపూ ఏడుపే, సంతోషంతోలే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇథియోపియాలో, జిమ్మా యూనివర్సిటీలో ఇన్నేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పిన మా పిల్ల మళ్లీ మన ఊళ్లో పాఠం చెబుతుందంటే ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పలేను. ఆ వెంటనే కాగితాలు గుర్తొచ్చి గుండె దడ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

సామాను గురించి నేను చెప్పేదేమీ లేదు. కుక్కర్లూ మిక్సీ కొత్తగా వచ్చే మనవాళ్లకి ఇచ్చేసి రా. చేతిలో మిగిలిన అక్కడి డబ్బు, బిర్, అంతా అక్కడే ఖర్చు పెట్టెయ్యి, ఆ నోట్లు ఇక్కడ ఎవరూ మార్చరు. 2024 జులైలో బిర్ రేటుని మార్కెట్‌కే వదిలేశాక దాని విలువ ఎలా పడిపోయిందో నువ్వే చూశావు, కాబట్టి పంపాల్సిన డబ్బు చివరిదాకా ఆపుకోకు. వచ్చాక ఎన్.ఆర్.ఇ. ఖాతాని, అదే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాని, మామూలు ఖాతాగా మార్పించాలి. ఇన్‌కమ్ టాక్స్ సంగతి అల్లుడిగారు సీఏని అడుగుతారు. పాత పాస్‌పోర్టులు మాత్రం పారెయ్యొద్దు. ఏ ఏడాది ఎన్ని రోజులు ఇక్కడున్నావో అన్నది వాటి మీద ముద్రల్లోనే ఉంటుంది.

ఇక నీ సర్వీస్ సర్టిఫికెట్.

మీ పెదనాన్నకి ఏం జరిగిందో నీకు పైపైనే తెలుసు. అప్పుడు నువ్వు ఎమ్మెస్సీ చదువుతున్నావు, నీ ముందు ఎవరూ మాట్లాడలేదు. ఆయన 2003 సెప్టెంబరులో ఇథియోపియా వెళ్లారు. నేనూ వెనకాలే వెళ్లి అక్కడి స్కూల్లో లెక్కలు చెప్పాను. 2007 సెప్టెంబరులో వాళ్లకి రెండువేల సంవత్సరం వచ్చింది. వీధిలో ఆడపిల్లలు పసుపుపచ్చ పూలు పట్టుకుని పాడుతూ ఇంటింటికీ వచ్చారు. పక్కింటావిడ కాఫీ గింజలు వేయించి మూడు విడతలు పోసింది. ఇక్కడ మనకి ఏడేళ్లు వయసు తగ్గిందని పెదనాన్న అందరికీ చెప్పి నవ్వించారు. వాళ్ల ఏడాది సెప్టెంబరులో మొదలవుతుందనీ, మన లెక్కకి డిసెంబరు దాకా ఏడేళ్లు, ఆ తరవాత ఎనిమిదేళ్లు వెనకుంటుందనీ నీకు నేను చెప్పాలా? అన్నీ తెలిసినవాళ్లకే అది కనపడకుండా పోతుంది. అందుకే నా భయం.

2009 జులైలో ఆయన కాంట్రాక్టు ముగిసింది. ఇక్కడ వాళ్ల అక్క కూతురి పెళ్లి. మేనమామ లేకుండా పెళ్లేమిటని రోజూ ఫోన్లు. క్లియరెన్స్ ఫారం పట్టుకుని లైబ్రరీ, స్టోరు, డిపార్ట్‌మెంటు, ఫైనాన్సు అన్నీ తిరిగి సంతకాలు పూర్తి చేసేసరికి బయల్దేరే రోజు వచ్చేసింది. ఆ సాయంత్రం గుమాస్తా సర్టిఫికెట్‌ని కవర్లో పెట్టి, అంటించి, అంటించినచోట గుండ్రటి ముద్ర వేసి చేతికిచ్చాడు. ముద్ర ఉంది కదా, ఇచ్చిన చోటే తెరిపించాలేమో అనుకున్నారు ఆయన. అలాగే తెచ్చారు.

ఆ కవరు ఇక్కడ ఒక కాలేజీలో ఇంటర్వ్యూ రోజున తెరుచుకుంది. ఇంగ్లీషులో చక్కగా టైపు చేసిన ఉత్తరమే. కానీ అందులో వాళ్ల నెలల్లో, వాళ్ల ఏళ్లలోనే, మెస్కెరెమ్ 1996 నుంచి హామ్లె 2001 దాకా పనిచేశారని ఉంది. ఆ అంకెల పక్కన ఇ.సి., అంటే ఇథియోపియన్ క్యాలెండర్, అన్న రెండు అక్షరాలు లేవు. బల్ల మీద పక్కనే ఆయన పాత కాలేజీ కాగితం, 1994 నుంచి 2003 దాకా ఇక్కడే పనిచేశారని. ప్రిన్సిపాల్ రెండూ పక్కపక్కన పెట్టి, "మాస్టారూ, ఈ అయిదేళ్లు మీరు రెండు దేశాల్లోనూ ఉన్నారా?" అని అడిగాడట. పెదనాన్న నవ్వుతూ మొదలుపెట్టి, పదమూడు నెలల క్యాలెండర్ అంతా వివరించారు, పాస్‌పోర్టు చూపించారు. ఎవరూ నవ్వలేదు. సరిచేసిన ఉత్తరం తెండి, అప్పుడు చూద్దాం అన్నారు.

అక్కడ అప్పుడు వానాకాలం సెలవులు. ఫోనెత్తే మనిషి లేడు. సెలవులయ్యాక సంతకం పెట్టినాయన వేరే ఊరు బదిలీ అయ్యాడని తెలిసింది. ఈమెయిల్ పంపితే జవాబు లేదు. చివరికి పెదనాన్న దగ్గర చదువుకుని అక్కడే అసిస్టెంట్‌గా చేరిన కుర్రాడొకడు ఆ కాగితాన్ని గది గదికీ మోసి, సరిచేయించి, తన డబ్బుతో కొరియర్ చేశాడు. అది చేతికొచ్చేసరికి ఇక్కడ పోస్టు నిండిపోయింది. ఆ ఏడాదంతా ఆయన ట్యుటోరియల్‌లో చెప్పారు. తరవాత చేరిన చోట జీతం కొత్తవాళ్ల లెక్కన కట్టారు. డబ్బుదేముంది, సర్దుకున్నాం. "నన్ను దొంగ కాగితం తెచ్చినవాడిలా చూశారు" అని ఒక్కసారే అన్నారు, అన్నం ముందు కూర్చుని. ఆ మాట నాలో ఇప్పటికీ ఉంది. అది నీ నోటి నుంచి నేను వినకూడదు తల్లీ.

కాబట్టి సర్టిఫికెట్ ముద్ర పడకముందే చదువు. చేరిన తేదీ, వదిలిన తేదీ రెండు క్యాలెండర్లలోనూ ఉండాలి, పక్కన ఇ.సి. అనీ, మన ఇంగ్లీషు క్యాలెండర్ తేదీకి జి.సి. అనీ స్పష్టంగా ఉండాలి. నీ హోదా, చెప్పిన కోర్సుల పేర్లు, ఫుల్ టైమ్ అన్న మాట, రిఫరెన్స్ నంబరు, సంతకం కింద పేరు, ఇవన్నీ చూడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే నీ పేరు ఉండాలి. అక్కడ నీ పేరు పక్కన నాన్న పేరు చేర్చి రాసే అలవాటుంది, నీకు తెలిసిందే. అసలు ప్రతులు రెండు అడుగు. ఆ తరవాత రాజధాని అడిస్ అబాబా వెళ్లి వాళ్ల విదేశాంగ శాఖలో, మన ఎంబసీలో ముద్రలు వేయించుకో. జిమ్మా నుంచి అడిస్ మూడొందల యాభై కిలోమీటర్లు, విమానం ఎక్కేముందు రోజు పెట్టుకునే పని కాదు. ఏ ఏటికాయేడు ఇచ్చిన కాంట్రాక్టులు, జీతం చీటీలు, రెసిడెన్స్ పర్మిట్ కాపీలు అన్నీ హ్యాండ్ బ్యాగులోనే. సూట్‌కేసులో పెట్టావని తెలిస్తే ఎయిర్‌పోర్టులోనే తిడతాను.

ఇక్కడ కాలేజీలు జూన్లోనే తెరుస్తారు, నీ సెమిస్టర్ అప్పటికి అవ్వదు. అయినా మధ్యలో వదిలి రావద్దు. కాంట్రాక్టు పూర్తి చెయ్యకపోతే తిరుగు టికెట్టూ, ఆఖరి లెక్కలూ చిక్కుల్లో పడతాయి, సర్టిఫికెట్ అడగడానికి నీకు మొహమూ ఉండదు. ఇంటర్వ్యూలు అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో ఇవ్వు. నీకు పీహెచ్‌డీ ఉంది, ఒక ఏడాది ఆగినా ఏం కాదు, ఈ ఇల్లు ఉంది.

ఒక్క సంగతికి మాత్రం నువ్వు సిద్ధంగా ఉండాలి. అమెరికాలో చెప్పొచ్చిన టీచర్‌కి స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ జరుపుతారు. ఇథియోపియా అనగానే "అక్కడ కరువు కదా, పిల్లలు చదువుతారా?" అంటారు. నువ్వు చిన్నబోకు, విసుక్కోకు కూడా. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచి మన దేశపు టీచర్లు అక్కడ చెబుతున్నారు. మా వీధి చివర మందుల షాపు ముసలాయన నన్ను చూడగానే తన చిన్నప్పటి ఇండియన్ లెక్కల టీచర్ గురించి మొదలుపెట్టేవాడు. ఆ గౌరవం ఇక్కడ ఎవరికీ తెలియదు, నువ్వే చెప్పాలి. ఎనభై మంది ఉన్న క్లాసులో, కరెంటు పోయినా ఆపకుండా పాఠం చెప్పినదానివి. నీ పిల్లలు ఇప్పుడు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో లెక్కలు చూస్తున్నారు. అడిగినప్పుడల్లా చెప్పు.

మీ పాప సంగతే నాకు బెంగ. నువ్వు ఇంటికొస్తున్నావు, అది ఇల్లు వదిలి వస్తోంది. దాని స్నేహితులు, అది తినే ఇంజెరా రొట్టె, అది మాట్లాడే అమ్హారిక్ భాష అన్నీ అక్కడే ఉండిపోతాయి. ఇక్కడ బళ్లో తెలుగు పుస్తకం ముందు పెడితే అక్షరాలు తడుముకుంటుంది, ఎవరైనా నవ్వితే నోరు మూసేసుకుంటుంది. ఇప్పటి నుంచే రోజూ ఒక పేజీ దానిచేత చదివించు. నేను సాయంత్రాలు వీడియో కాల్‌లో కూర్చుంటాను, నాకేం పని? రాగానే చుట్టాల ముందు నిలబెట్టి "అమ్హారిక్‌లో ఏదైనా మాట్లాడవే" అని మాత్రం అడగనివ్వను, మీ అమ్మనైనా సరే.

సర్టిఫికెట్ డ్రాఫ్టు నీ చేతికి రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. సంతకం పడకముందే. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని కూర్చుంటానన్నారు, ప్రతి తేదీ ఆయనే సరిచూస్తారట. ఆయన సరే అన్నాకే టికెట్ కొనుక్కో.

నీ
పెద్దమ్మ