మాట వినపడుతుంది, ముక్క అర్థం కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో శబ్దాల గోలే ఎక్కువుంది, అందుకని వాటన్నిటినీ ఒకచోట పెట్టేశా.

ప్రశ్న: నేను టీచర్ని. కొత్త బిల్డింగ్‌లోకి మారాం. గది బావుంది, నేలకి టైల్స్, పెద్ద గాజు కిటికీలు. కానీ వెనక బెంచీ పిల్లలు చెప్పిందే మళ్ళీ చెప్పమంటున్నారు. మైకు పెడితే ఇంకా గందరగోళం అయ్యింది, ఎందుకండీ?

జవాబు: మీ గొంతుకేం తక్కువ లేదు మేడమ్, ఆ గదే మీ మాటని వదిలిపెట్టట్లేదు. మీరన్న మాట పిల్లల చెవికి ముందు నేరుగా వెళ్తుంది, ఆ తర్వాత గోడకీ సీలింగ్‌కీ నేలకీ కొట్టుకుని మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇందులో ఓ 50 మిల్లీసెకన్ల లోపు వచ్చేవి మనకి చుట్టాలే, చెవి వాటిని అసలు మాటతో కలిపేసుకుంటుంది కాబట్టి గొంతుకి కాస్త బలం వస్తుంది. తంటా అంతా ఆ తర్వాత వచ్చేవాటితోనే, ముందు అక్షరం తోక ఇంకా గదిలో తిరుగుతుండగానే తర్వాతది వచ్చేస్తుంది, రెండూ కలిసి ముద్దయిపోతాయి. దీన్నే రివర్బరేషన్ అంటారు, శబ్దం ఆగాక అది 60 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గడానికి ఎంత టైమ్ పట్టిందన్నది లెక్క.

ఇంకో చిక్కుంది. పాట, బాట, మాట అని ఒకసారి పైకి అనుకోండి, మూడింట్లోనూ గట్టిగా మోగేది ఆ "ఆ" నే, కానీ ఏ మాటో తేల్చేది మాత్రం ముందున్న చిన్న హల్లు. అచ్చుకి బలమెక్కువ, హల్లు ఇలా వచ్చి అలా పోతుంది. పైగా మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కదా, ప్రతి మాట చివర ఆ అచ్చు మోగుతూనే ఉంటుంది, దాని కింద పడి తర్వాతి మాట మొదటి హల్లు నలిగిపోతుంది. అందుకే పిల్లలకి మీ గొంతు వినపడుతుంది, మాట తెలియదు. మైకు పెడితే మాటా పెరిగింది, దాని తోకా అంతే పెరిగింది, ఇక లాభమేముంది చెప్పండి.

మీకొచ్చిన కష్టమే 1895లో హార్వర్డ్ యూనివర్సిటీకి వచ్చింది. కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో లెక్చర్ హాల్, అందులో లెక్చర్ ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఒక శబ్దం చావడానికి 5 సెకన్ల పైనే పట్టేది. సంగతేంటో చూడమని వాలెస్ సేబిన్ అనే కుర్ర ఫిజిక్స్ లెక్చరర్‌కి అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్ళు ఊరు సద్దుమణిగాక పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల కుషన్లు మోయించుకొచ్చి హాల్లో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ అనే వాద్యం గొట్టం ఊది ఆపి, వినపడటం ఎప్పుడు ఆగిందో గడియారంతో కొలిచేవాడు. ఇప్పటి పరికరాలేవీ లేవు, చెవే మీటరు! అలా తేలిందే ఇప్పటికీ వాడే సూత్రం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తం వైశాల్యంతో (ఒక్కో చోట అది పీల్చే వంతు మాత్రమే లెక్క) భాగిస్తే, శబ్దం చావడానికి పట్టే సెకన్లు వస్తాయి.

మీ గది కొలతలు మీరు రాయలేదు, 9 మీటర్లు, 7 మీటర్లు, ఎత్తు 3.2 అనుకుందాం, అంటే దాదాపు 200 ఘనపు మీటర్లు. అన్నీ గట్టివే అయితే పీల్చేది మహా అయితే 12 చదరపు మీటర్లు ఉంటుంది, లెక్క వేస్తే 2.7 సెకన్లు. క్లాస్‌రూమ్‌కి 0.6 సెకన్లు దాటొద్దంటుంది అమెరికా స్టాండర్డ్, ఖాళీ గది శబ్దం కూడా 35 డెసిబెల్స్ దాటొద్దంటుంది. 0.6 రావాలంటే 54 చదరపు మీటర్లు కావాలి, సీలింగ్ 63 ఉంది కదా, నూటికి 70 పాళ్ళు పీల్చే సీలింగ్ టైల్స్ వేయిస్తే 44 వస్తుంది, మిగతా గది పీల్చేది కలిపితే దాదాపు సరిపోతుంది, పిల్లలు కూర్చున్నాక వాళ్ళ బట్టలు పీల్చేది అదనం. అలాగని గోడలన్నీ మెత్తగా చేసెయ్యకండి, పనికొచ్చే ఆ మొదటి ప్రతిధ్వనులూ పోతాయి, అప్పుడు నిజంగానే గొంతు వెనకదాకా రాదు. ఫ్యానూ ఏసీ మోతా కూడా చూసుకోండి, పిల్లలకి టీచర్ గొంతు మిగతా శబ్దం కన్నా ఓ 15 డెసిబెల్స్ పైన ఉండాలి.

ప్రశ్న: పక్కింటి టీవీ గోల పడలేక గోడంతా ఫోమ్ అంటించాను, ఏమీ తగ్గలేదు. గుడ్ల ట్రేలు పెడితే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ట్రేలు వద్దు బాబూ, అవి ఫోమ్ చేసే పని కూడా చెయ్యవు. శబ్దాన్ని పీల్చడం వేరు, ఆపడం వేరు, ఈ రెండూ కలిపేసుకునే జనం డబ్బు పోగొట్టుకుంటారు. ఫోమ్ మీ గదిలో పుట్టిన శబ్దం మోగకుండా చూస్తుంది, అవతలి నుంచి వచ్చేదాన్ని ఆపాలంటే బరువు కావాలి. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. రెండు పొరలు ఒకదానికొకటి తగలకుండా పెట్టి మధ్యలో గ్లాస్ వూల్ (దూదిలా ఉండే గాజు పీచు) నింపితే అంతకన్నా బాగా పనిచేస్తుంది. కానీ ముందు సందులు చూడండి. తలుపుతో కలిపి 10 చదరపు మీటర్ల గోడ 50 డెసిబెల్స్ ఆపుతోంది అనుకుంటే, మీటరు వెడల్పున్న ఆ తలుపు కింద ఒక్క సెంటీమీటరు సందు చాలు, మొత్తం 30కి పడిపోతుంది. రబ్బరు పట్టీతో మొదలెట్టండి.

ప్రశ్న: మా ఆఫీసు మొత్తం ఒకటే హాలు. పక్కవాళ్ళ ఫోన్ మాటలతో పని సాగట్లేదు. సీలింగ్ టైల్స్ వేశాక ఇంకా స్పష్టంగా వినపడుతున్నాయి!

జవాబు: నవ్వొచ్చింది కానీ మీరు చెప్పింది కరెక్టే. పైన టీచర్ గారికి కావాల్సిన స్పష్టతే ఇక్కడ మీకు శత్రువు. మోత కన్నా అర్థమయ్యే మాటే మనసుని లాగుతుంది. మాట స్పష్టతని 0 నుంచి 1 దాకా కొలిచే ఎస్‌టీఐ అనే లెక్కుంది, పక్కవాడి మాట 0.5 కిందకి పడేంత దూరం వెళ్తే గానీ పని మీద ధ్యాస నిలవదని ఆఫీసుల్లో చూస్తారు. టైల్స్ తీసెయ్యొద్దు, తీస్తే మోత పెరిగి అందరూ ఇంకా గట్టిగా మాట్లాడతారు, చుట్టూ గోలుంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లోనే లోంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ చెప్పాడు. టేబుళ్ళ మధ్య తల దాటేంత ఎత్తు తెరలు పెట్టించండి, పక్కవాళ్ళ మాటని కప్పేసేలా సన్నగా గాలి వీచినట్టుండే మాస్కింగ్ శబ్దం స్పీకర్లలో వేయించండి, ఫోన్లకి విడిగా ఒక గది ఉంటే మరీ మంచిది.

ప్రశ్న: నాన్నగారికి హియరింగ్ ఎయిడ్ ఉంది, ఇంట్లో బాగానే వింటారు, పెద్ద హాల్లో మాత్రం ఏమీ అర్థం కాదంటారు. ముందు వరసలో కూర్చోబెడితే చాలా?

జవాబు: హాలు మోగేదైతే ముందు వరస కూడా చాలకపోవచ్చు. మనిషి గొంతుకి ఓ రెండు మీటర్లు దాటితే నేరుగా వచ్చే మాట కన్నా గోడల నుంచి వచ్చేదే ఎక్కువైపోతుంది, ఆ తర్వాత ఐదో వరసైనా పదో వరసైనా పెద్ద తేడా ఉండదు. ఆయన మిషన్‌కి టెలికాయిల్ (అయస్కాంత సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉందో లేదో అడగండి, హాల్లో ఆ సంకేతాన్ని పంపే ఇండక్షన్ లూప్ అనే తీగ వేసి ఉంటే మైకులోని మాట గాల్లో తిరక్కుండా నేరుగా చెవిలోకే వస్తుంది. లూప్ లేకపోతే మాట్లాడేవాళ్ళ దగ్గర పెట్టే చిన్న రిమోట్ మైకులు దొరుకుతాయి, అవీ అదే పని చేస్తాయి.