అడవి టర్కీ కోడిని వసంతకాలపు పంటలతో ఎలా వండాలి?

పెన్సిల్వేనియాలో వేటకు వెళ్లే మిత్రుడు మే నెలలో అడవి టర్కీ కోడిని ఇస్తే, అక్కడ ఆ కాలంలో దొరికేవాటితో ఎలా వండాలన్నది మీ ప్రశ్న. దుకాణంలో కొన్న టర్కీలా దీన్ని మొత్తంగా ఓవెన్‌లో పెట్టకండి. అడవి పక్షిలో కొవ్వు చాలా తక్కువ. రొమ్ము ఉడికేసరికి కాళ్లు ఇంకా తోలులా సాగుతుంటాయి, కాళ్లు ఉడికేదాకా ఆగితే రొమ్ము పీచులా ఎండిపోతుంది. రెండింటినీ వేరు చేయాల్సిందే.

రొమ్మును లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో నానబెట్టండి. తడి తుడిచి, ముక్కలు కోసి వెన్నలో వేయించండి. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే తీసేయండి. పెనానికి అంటిన ఆ గోధుమరంగు సారం మీదే మోరెల్ పుట్టగొడుగులు వేయండి. కశ్మీరు గుచ్చీ కూడా ఈ జాతిదే. పచ్చిగా తింటే కడుపు చెడుతుంది, బాగా మగ్గాలి. చివర్లో ర్యాంప్స్ తరిగి వేయండి. వెల్లుల్లి ఘాటు, ఉల్లికాడ తీపి కలిసిన అడవి ఆకు అది, అర నిమిషంలో వాడిపోతుంది. అల్లంవెల్లుల్లి ముద్ద వైపు వెళ్లే చేతిని మాత్రం ఆపుకోండి, ఆ పరిమళం దాని కింద అణగిపోతుంది.

కాళ్లకైతే మన పులుసు పద్ధతే నయం. ఉల్లిపాయలు, మిరియాలు వేసి, నీళ్లు పోసి, సన్నని సెగ మీద మూడు గంటలు ఉడకనివ్వండి. ముదురు పుంజైతే ఇంకాసేపు. మాంసం విడివడ్డాక పుల్లల్లాంటి గట్టి నరాలను ఏరేయండి. తుపాకీ గుళ్లు మిగిలాయేమో వేళ్లతో తడిమి చూడండి, పన్ను విరగ్గలదు.