రెండో డిస్క్ ఉన్నా సర్వర్ లేవలేదు!

ప్రశ్న: మాది తిరుపతిలో అకౌంట్స్ ఆఫీసు. లైనక్స్ సర్వర్‌కు రెండు డిస్కులతో రైడ్-1 (ఒకే డేటాను రెండింట్లోనూ రాసే మిర్రర్ పద్ధతి) పెట్టించాం. మొన్న మొదటి డిస్క్ పోతే సర్వర్ లేవనే లేదు. ఎందుకు సార్?
– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ

జవాబు: డేటా రెండింట్లోనూ ఉంది, సర్వర్‌ను లేపే బూట్ ఫైళ్లు మాత్రం ఒకదాంట్లోనే ఉండి ఉంటాయి. ఆన్ చేయగానే మదర్‌బోర్డులో ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్ యూఈఎఫ్ఐ. దానికి లైనక్స్ రైడ్ సంగతి తెలియదు. అది వెతికేది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే చిన్న ఈఎస్‌పీ పార్టిషన్‌ని, అంటే బూట్ ఫైళ్లుండే డిస్క్ భాగాన్ని. ఇన్‌స్టాలర్ చాలాసార్లు దాన్ని మొదటి డిస్క్‌లో పెట్టి ఊరుకుంటుంది. కొత్త డిస్క్ వేశాక రెండింట్లోనూ ఈఎస్‌పీ చేయించి, బూట్ ఎంట్రీలు (ఎక్కణ్నుంచి లేవాలో యూఈఎఫ్ఐకి చెప్పేవి) రెండూ పెట్టించండి.

లీలామహల్ సర్కిల్‌లో ఒక షాపులో ఇదే టెన్షన్‌తో రాత్రంతా కూర్చున్నాను, టీలు మాత్రం బాగా తాగించారు. అప్పట్నుంచీ మిర్రర్ పెట్టగానే సర్వర్ ఆపి, మొదటి డిస్క్ కేబుల్ పీకి ఆన్ చేస్తాను. లేస్తేనే బిల్లు అడుగుతాను. కేబుల్ మళ్లీ పెట్టాక సింక్ (రెండు డిస్కుల డేటా మళ్లీ ఒకటి కావడం) పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోకండి.