ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసింగ్ వీడియో గేమ్‌లో వారం వారం ఛాలెంజ్‌లు పూర్తవక విసుగొస్తోంది. ట్రయల్ అనే టీమ్ రేసుల్లో ఓడిపోతున్నాం, చేసిన పని లెక్కలోకి రావట్లేదు, గురువారం లోపు టైమ్ చాలట్లేదు, కార్లు తప్పిపోతాయేమోనని బెంగగా ఉంది. ఆట మానేయడమే మేలా?

మానేయక్కర్లేదు. ప్రతి వారం అన్నీ పూర్తి చేసి తీరాలన్న పంతం మాత్రం వదిలేయండి. మీరు రాసిన ఇబ్బందులు మూడూ నేను పడ్డవే: ట్రయల్‌లో టీమ్ ఓడిపోవడం, చేసిన పని లెక్కలోకి రాకపోవడం, గురువారం లోపు టైమ్ చాలకపోవడం. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట కాసేపు ఆడేవాడిని నేను. అయినా ఈ ఆటలోని వారం ఛాలెంజ్‌లంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఎందుకో, ఎలా ఆడితే ఆ ఇష్టం పోకుండా ఉంటుందో చెప్తాను.

ముందు పాయింట్ల లెక్క చూడండి. మెక్సికోలో జరిగే ఈ ఆటలో ఫెస్టివల్ ప్లేలిస్ట్ (వారం వారం వచ్చే ఛాలెంజ్‌ల జాబితా) నాలుగు వారాలకు ఒక సిరీస్‌గా నడుస్తుంది. ఒక్కో వారం ఒక్కో సీజన్. మన టైమ్ ప్రకారం గురువారం రాత్రి ఎనిమిదింటికి పాతది పోయి కొత్తది వస్తుంది. సాధారణంగా ఆ వారంలో 20 పాయింట్లకు ఒక కారు, 40కి ఇంకొకటి ఇస్తారు. సిరీస్ మొత్తానికి కలిపి 80 పాయింట్లకు ఒకటి, 160కి ఒకటి. అంటే వారానికి 20 చొప్పున తెచ్చుకుంటూ పోతే, నాలుగు వారాల్లో నాలుగు కార్లతో పాటు ఆ 80 పాయింట్ల కారు కూడా మీదే. 40 కోసం తల బద్దలు కొట్టుకోవాల్సిన పనే లేదు.

ఆ 20కి ట్రయల్ కూడా అక్కర్లేదు. వీక్లీ ఛాలెంజ్‌కి 5, ఒక ఛాంపియన్‌షిప్‌కి 5, ట్రెజర్ హంట్‌కి 3, ఫొటోకి 2, మూడు పీఆర్ స్టంట్లకు (స్పీడ్ ట్రాప్, స్పీడ్ జోన్ లాంటి చిన్న సవాళ్ళు) రెండేసి చొప్పున 6. అప్పుడే 21 అయ్యాయి. డైలీల (రోజువారీ ఛాలెంజ్‌ల) ఒక్కో పాయింటు నేను ఇందులో కలపనే లేదు. మంత్లీ రైవల్స్‌ని (ఇతరుల ల్యాప్ టైమ్‌తో పోటీ) చాలామంది భయపడి వదిలేస్తారు కానీ అందులో ఎవరినీ ఓడించక్కర్లేదు. గోడలకు తగలకుండా, రివైండ్ (ఆటను కాస్త వెనక్కి తిప్పడం) వాడకుండా ఒక్క ల్యాప్ శుభ్రంగా పూర్తి చేస్తే చాలు.

చేసింది లెక్కలోకి రాలేదన్నారు కదా, అది దాదాపు ఎప్పుడూ వీక్లీలోనే జరుగుతుంది. వీక్లీలో నాలుగు చాప్టర్లు ఉంటాయి, వరసలోనే తెరుచుకుంటాయి. మొదటి చాప్టర్ ఫలానా కారు కొని నడపమంటుంది. మూడోది రేసులు గెలవమంటుంది అనుకోండి, రెండోది పూర్తి కాకముందు మీరు ఎన్ని రేసులు గెలిచినా అవి దాని ఖాతాలో పడవు. చాప్టర్ పూర్తయినట్టు స్క్రీన్ మీద కనబడ్డాకే తర్వాతి పనిలోకి దిగండి. ఇంకో మాట. వీక్లీకి అడిగిన కారే ఆ వారం స్పీడ్ ట్రాప్‌కో డేంజర్ సైన్‌కో (కారుతో ఎగిరి దూకే చోటు) కూడా పనికొస్తుందేమో ముందే చూసుకోండి. చాలాసార్లు పనికొస్తుంది. ఒకే కారుతో, ఒకే ట్యూన్‌తో (కారు సెట్టింగులు) సగం పని అయిపోతుంది.

ఇక నాకు బాగా నచ్చిన విషయానికి వస్తాను. స్పీడ్ జోన్. స్పీడ్ ట్రాప్‌లో ఒక్క క్షణం వేగం ఉంటే చాలు. స్పీడ్ జోన్‌లో మాత్రం మొదటి గేటు నుంచి చివరి గేటు దాకా సగటు వేగం చూస్తారు. ఒకసారి A క్లాస్ కారుతో కొండదారిలో ఒక జోన్ పడింది. సగటు స్క్రీన్ మీద కనబడుతూనే ఉంటుంది. ఆశగా పెరుగుతుంది, రెండో మలుపు దగ్గర జారిపోతుంది, ఎంత తిప్పలు పడ్డా కావాల్సినదానికి మూడు నాలుగు కిలోమీటర్లు తక్కువే. ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న ట్యూన్ పెట్టి చూశాను. తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎగిరిపోయింది, మలుపులో కంచె బయట తేలింది. చివరికి పని చేసింది ఇది: గేటుకి చాలా వెనక్కి వెళ్ళి, ఫుల్ స్పీడులో లోపలికి రావడం. మొదటి మలుపుకి మామూలుకన్నా కాస్త ముందే బ్రేక్ తాకించి వదిలేయడం. ఆ తర్వాత మళ్ళీ బ్రేక్ మీద కాలు పెట్టకుండా గ్యాస్ తగ్గిస్తూ పెంచుతూ రెండో మలుపు దాటడం. కావాల్సిన సగటు కన్నా ఒక్క కిలోమీటరు ఎక్కువ వచ్చింది. వచ్చేవి రెండే పాయింట్లు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది నాకు. ఆ మలుపు నాకు ఇప్పటికీ చేతిలోనే ఉంది. ఏ రేసు ఆ దారిన పోయినా అక్కడ కనీసం ఒకరిని దాటుతాను.

ఇప్పుడు ట్రయల్. పది పాయింట్లు కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే. ఆరుగురు మనుషులు ఒక టీమ్, అన్‌బీటబుల్ డ్రైవటార్లు (కంప్యూటర్ నడిపే, అన్నిటికన్నా కష్టమైన ప్రత్యర్థులు) ఇంకో టీమ్. మూడు రేసుల్లో రెండు గెలవాలి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. గెలిచేది టీమ్ మొత్తం పాయింట్ల మీద, ఎవరు ఫస్ట్ వచ్చారన్నదాని మీద కాదు. మీ టీమ్‌లో ఒకరు ఫస్ట్ వచ్చి, మిగతావాళ్ళు అందరికన్నా వెనక మిగిలిపోతే ఓటమే. మీరు ఏడో స్థానంలో ఉన్నారంటే, ముందున్న ఆ ఒక్క డ్రైవటార్‌ను దాటితే టీమ్‌కి అక్కడే లాభం. పక్కనున్న మన టీమ్ మనిషిని గుద్ది దాటితే ఒరిగేదేమీ లేదు, ఇద్దరూ రోడ్డు పక్కకి పోతారు. ఇది తెలిసిన ఆరుగురు దొరికిన రోజు ట్రయల్ చాలా సులువు. తెలియని ఇద్దరు చాలు, మొదటి మలుపులోనే ఆటోస్టాండ్ ముందు ట్రాఫిక్‌లా అయిపోతుంది.

నాకు ఉపయోగపడినవి చెప్తాను. కారు క్లాస్ పరిమితి అంచున ఉండాలి. కారు సామర్థ్యానికి ఆట ఇచ్చే రేటింగ్ A క్లాస్‌లో 800 దాకా, S1లో 900 దాకా ఉండొచ్చు. సొంతంగా ట్యూన్ చేయడం రాకపోయినా ఫర్వాలేదు, గేమ్‌లోనే ఎక్కువమంది వాడే ట్యూన్ దించుకోండి. ట్రయల్‌లో రివైండ్ ఉండదు కాబట్టి ఆ కారుతో ముందు ఒక ఛాంపియన్‌షిప్ ఆడి చెయ్యి అలవాటు చేసుకోండి. నేను చూసినంతలో డ్రైవటార్లు స్టార్ట్‌లోనూ తిన్నగా ఉన్న రోడ్డు మీదా మనల్ని వదిలేసి పోతాయి, బిగుతు మలుపులకు మాత్రం ముందుగా బ్రేక్ వేస్తాయి. అందుకే వేగం కన్నా పట్టు ఉన్న ట్యూన్ మేలు. ఇంకోటి, ట్రయల్ గురువారం రాత్రో శుక్రవారమో ఆడేయండి. వారం గడిచేకొద్దీ బాగా ఆడేవాళ్ళు తమది పూర్తి చేసుకుని వెళ్ళిపోతారు. బుధవారం రాత్రి వరసగా ఓడిపోయి టెన్షన్ పడటం కన్నా ఇది ఎంతో నయం.

అన్నీ సరిగ్గా చేసినా మన చేతిలో లేనివీ ఉంటాయి. చెరో రేసు గెలిచి మూడోది నడుస్తుండగా, ఆటలోని గ్వానహువాటో ఊరి సందుల్లో మా టీమ్ నలుగురు ముందుండగా కరెంటు పోయింది. రౌటర్ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి అంతా మొదటినుంచి మొదలు. ఆ కోపం మామూలుగా తగ్గలేదు. మరుసటి వారమే రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్ మీదకి మార్పించాను. మీ ఊళ్ళో సాయంత్రాలు కరెంటు కోతలుంటే మీరూ ముందు ఆ పని చేయండి.

కారు తప్పిపోతుందన్న బెంగ గురించి కూడా అడిగారు. తప్పిపోయిన కార్లలో చాలావరకు ఆక్షన్ హౌస్‌లో (ఆటగాళ్ళు కార్లను వేలం వేసుకునే చోటు) కనబడతాయి. అరుదైనవాటికి ధర రెండు కోట్ల క్రెడిట్ల దాకా పోతుంది, అక్కడ గరిష్ఠ పరిమితి అదే. మీకు రెండోసారి వచ్చిన ప్లేలిస్ట్ కార్లను అదే చోట అమ్ముకుంటూ ఉంటే కొన్ని నెలల్లో కూడబెట్టొచ్చు. నిజం చెప్పాలంటే వారం గడువు పెట్టి కార్లను దాచడం నాకు నచ్చదు. ఉద్యోగాలు, చంటిపిల్లలు ఉన్నవాళ్ళకు అది అన్యాయమే. దీనికి ముందు వచ్చిన హొరైజన్ 4లో కొత్త ప్లేలిస్ట్‌లు 2024 ఆగస్టుతో ఆగిపోయాయి, డిసెంబరులో ఆటను అమ్మకం నుంచే తీసేశారు. అప్పటిదాకా ఏ కారూ వదలకూడదని నెలనెలా నిద్ర మానుకున్న స్నేహితుడు ఒకడు నాకున్నాడు. ఆ గ్యారేజీలో సగం కార్లు స్టార్ట్ కూడా చేయలేదని వాడే చెప్పాడు. నా దగ్గర ఉన్నవి వాడి దగ్గరున్నదానిలో మూడో వంతు కూడా ఉండవు, కానీ ఒక్కోటి ఎలా తిరుగుతుందో నాకు తెలుసు.

కాబట్టి వచ్చే గురువారం ప్లేలిస్ట్ తెరిచి, 20కి ఏవి సరిపోతాయో ఎంచుకుని మొదలుపెట్టండి. క్రాస్ కంట్రీ రేసులు మీకు నచ్చకపోతే వాటిని ఆ వారానికి మొహమాటం లేకుండా వదిలేయండి. ట్రయల్ మాత్రం ఒకసారి శుక్రవారం ప్రయత్నించి చూడండి. మీరు కంట్రోలర్‌తో ఆడుతున్నారా, కీబోర్డుతోనా, ఏ క్లాస్‌లో ఇబ్బంది పడుతున్నారో కింద రాయండి. మీ దగ్గరున్న కార్లలో దేనికి ఎలాంటి ట్యూన్ దించుకోవాలో చెప్తాను.