వెడ్జ్ కొనే ముందు దాన్ని ఒకసారి తిరగేసి చూడండి

మీ గోల్ఫ్ సంచిలో ఐరన్ల (లోహపు తల గల క్లబ్బుల) సెట్‌తో వచ్చిన పిచింగ్ వెడ్జ్ ఒక్కటే ఉందని, ఇంకో రెండు వెడ్జ్‌లు (దగ్గరి దూరాల నుంచి బంతిని ఎత్తుగా లేపే క్లబ్బులు) తీసుకోవాలనుకుంటున్నానని రాశారు. దుకాణంలో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయని, కొన్ని తళతళలాడుతూ, కొన్ని నల్లగా, కొన్ని తుప్పు రంగులో ఉన్నాయని, ఈ రూపమూ చేతికి తెలిసే స్పర్శా ఆటలో నిజంగా తేడా తెస్తాయా లేక లాఫ్ట్ అంకె, అంటే బంతిని తాకే ముఖం ఎన్ని డిగ్రీలు వాలి ఉందన్నది, చూసుకుని కొంటే సరిపోతుందా అని అడిగారు. లాఫ్ట్ అంకె ఒక్కటే చూస్తే సరిపోదని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నేను అలాగే కొని దాదాపు రెండేళ్లు ఇబ్బంది పడ్డాను. బంతి ఎంత ఎత్తు లేస్తుంది, ఎంత దూరం వెళ్తుంది అన్నవి చాలావరకు లాఫ్ట్ మీద ఆధారపడతాయి. కానీ క్లబ్బు మట్టిలో దిగబడుతుందా, లేక నేల మీద జారుతూ బంతి కిందుగా సాగిపోతుందా అన్నది దాని అడుగుభాగం మీద ఆధారపడుతుంది. వెడ్జ్ ఆట అంతా గడ్డితో, ఇసుకతో, మట్టితో ముడిపడినది కాబట్టి నా దృష్టిలో ఈ రెండో విషయమే పెద్దది.

నేను మొదట విడిగా కొన్నది 60 డిగ్రీల వెడ్జ్. దాని రూపం చూసి మనసు పారేసుకున్నాను. బంతి వెనుక ఆనిస్తే ముందు అంచు నేలకు అతుక్కుపోయినట్టు ఉండేది. ఆ అంచుకూ గడ్డికీ మధ్య కాగితం కూడా దూరదనిపించేది. ఇంత పలుచని అంచు బంతి కిందికి సులువుగా వెళ్తుందని నమ్మాను. దాని అడుగున చెక్కిన 4 అనే అంకెను పట్టించుకోలేదు. ఎండి గట్టిపడిన నేల మీద అది చక్కగానే పనిచేసింది. వానలు పడి నేల మెత్తబడ్డాక మాత్రం, గ్రీన్‌కు (రంధ్రం ఉండే నున్నని గడ్డి నేలకు) పది గజాల దూరం నుంచి మెల్లగా ఆడబోయిన చిప్‌లలో (చిన్న షాట్లలో) అంచు మట్టిలో దిగి ఆగిపోయేది, బంతి మూరెడు దూరం కదిలి నిలిచిపోయేది. బంకర్ అనే ఇసుక గుంటలోనైతే అంచు ఇసుకలోకి లోతుగా దూసుకుపోయి, బంతి అదే బంకర్‌లో ఇంకాస్త ముందుకు దొర్లి ఉండిపోయేది. తప్పు నా స్వింగ్‌లోనే ఉందనుకుని బంతి ఉంచే చోటు మార్చాను, మణికట్టు కదలిక మార్చాను, నెలల తరబడి సాధన చేశాను. చివరికి నాకు నేర్పే శిక్షకుడు ఆ క్లబ్బును తిరగేసి నా ముందు పెట్టారు. ముందు అంచును ఆనుకుని వేలి మందాన ఒక పట్టీ మాత్రమే గీతలు పడి, పాలిష్ పోయి ఉంది. ఆ వెనుక భాగమంతా కొన్న రోజున ఉన్నట్టే మెరుస్తోంది. “మీ క్లబ్బు నేలను అంచుతో తాకుతోంది, అడుగుతో కాదు” అన్నారు. ఆ ఒక్క మాటతో రెండేళ్లుగా చిక్కుపడి ఉన్నది విడిపోయింది.

బౌన్స్ అనే మాట మీరు వినే ఉంటారు. షాఫ్ట్‌ను, అంటే క్లబ్బు కాడను, నిటారుగా ఉంచి క్లబ్బును నేల మీద పెడితే, అడుగులోని వెనుక భాగం ముందు అంచు కంటే కిందికి ఉంటుంది. ఆ వాలు నేలతో చేసే కోణమే బౌన్స్. ఇది 4 నుంచి 6 డిగ్రీలు ఉంటే తక్కువ, 7 నుంచి 10 వరకు మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ అని సాధారణంగా లెక్కిస్తారు. బౌన్స్ ఎక్కువగా ఉన్న వెడ్జ్ నేలను లేదా ఇసుకను తాకగానే ఆ వెనుక భాగం ముందుగా ఒత్తుకుని, ముందు అంచును పైకి లేపుతుంది. అందువల్ల బంతికి కాస్త వెనుక తగిలినా క్లబ్బు ఆగకుండా ముందుకు సాగుతుంది. ఈ ఆలోచనను ఆటలో నిలబెట్టిన వ్యక్తిగా అమెరికా గోల్ఫ్ ఆటగాడు జీన్ సారజెన్ పేరు చెబుతారు. ఇసుక కోసం ప్రత్యేకంగా చేసిన క్లబ్బులు అంతకు ముందూ ఉన్నాయి గానీ, ముఖం గుంటగా ఉన్న ఒక రకాన్ని 1931లో నియమాలు నిషేధించాయి. సారజెన్ ఆ రోజుల్లోనే తన నిబ్లిక్ (ఆనాటి ఎక్కువ లాఫ్ట్ ఉన్న ఐరన్) అడుగున సోల్డర్ (అతుకు వేసే లోహం) కరిగించి పోసి, వెనుక భాగం కిందికి ఉబికి ఉండేలా మలుచుకున్నారు. విమానం తోక కిందికి దిగితే ముక్కు పైకి లేవడం చూసి ఈ ఊహ తట్టిందని ఆయన చెప్పుకున్నారు. 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచినప్పుడు ఆ క్లబ్బు ఆయన సంచిలో ఉంది. ఈనాటి శాండ్ వెడ్జ్ అడుగును చేత్తో తడిమి చూస్తే ఆ ఉబ్బే తగులుతుంది.

అయితే అడుగున చెక్కిన అంకె స్థిరమైనది కాదు, మీరు క్లబ్బును పట్టుకునే తీరును బట్టి మారుతుంది. చేతులను లక్ష్యం వైపు ముందుకు వంచితే పనిచేసే బౌన్స్ తగ్గుతుంది, ముఖాన్ని తెరిస్తే, అంటే ఇంకాస్త ఆకాశం వైపు తిప్పితే, పెరుగుతుంది. నా 60 డిగ్రీల వెడ్జ్‌కు మొదటే బౌన్స్ తక్కువ, పైగా నేను చేతులను బాగా ముందుకు వంచి ఆడేవాణ్ణి కాబట్టి బంతి దగ్గరికి వచ్చేసరికి అందులో దాదాపు ఏమీ మిగిలేది కాదు. ఫెయిర్‌వేలో (పొట్టి గడ్డి దారిలో) మీరు కొట్టిన చోట మట్టి పెళ్ల లోతుగా లేస్తుంటే మీకు బౌన్స్ ఎక్కువ కావాలి. గడ్డి మీద చీపురుతో ఊడ్చినట్టు మాత్రమే క్లబ్బు వెళ్తుంటే తక్కువ చాలు. మీరు ఎక్కువగా ఆడే నేల మెత్తనిదా, గట్టిదా, బంకర్లలో ఇసుక లోతుగా ఉంటుందా, పలుచగా పరిచి ఉంటుందా అన్నది కూడా ఇందులో కలిపి ఆలోచించాలి. ఎక్కువ బౌన్స్ అన్నిచోట్లా మేలు చేయదని కూడా నేను అనుభవంతోనే తెలుసుకున్నాను. మొదటి క్లబ్బు పక్కన పెట్టి 14 డిగ్రీల బౌన్స్ ఉన్న 56 డిగ్రీల వెడ్జ్ తీసుకున్నాక బంకర్ భయం పోయింది గానీ, గడ్డి పలుచగా ఉన్న గట్టి నేల మీద ముఖం తెరిచి ఆడితే అడుగు నేలకు కొట్టుకుని ఎగిరి, అంచు బంతి నడుముకు తగిలి, బంతి గ్రీన్ దాటి అవతలికి దూసుకుపోయేది.

దీనికి పరిష్కారం గ్రైండ్‌లో ఉంది. అడుగులో మడమ వైపు (షాఫ్ట్ అతికే కొస దగ్గర), బొటనవేలి వైపు (దాని ఎదుటి కొస దగ్గర), వెనుక అంచు దగ్గర కొంత లోహాన్ని అరగదీసి తీసేయడాన్ని గ్రైండ్ అంటారు. మడమ వైపు తగ్గించిన వెడ్జ్‌ను తెరిచి పెట్టినా ముందు అంచు అంతగా పైకి లేవదు. వెనుక అంచు తగ్గించినది గట్టి నేల మీద ఎగిరిపడదు. అందుకే ఇప్పుడు నా సంచిలో ఇసుకకూ మెత్తని నేలకూ వెడల్పాటి అడుగు, 14 డిగ్రీల బౌన్స్ ఉన్న 56, గట్టి నేలకూ ఎత్తుగా లేపాల్సిన షాట్లకూ మడమ అరగదీసిన, 8 డిగ్రీల బౌన్స్ ఉన్న 58 ఉన్నాయి. రెండింటి అడుగులూ వేర్వేరు స్వభావాలు గలవి కావడం వల్ల, ఒకటి పనికిరాని చోట రెండోది ఆదుకుంటుంది. మీరు కూడా రెండు కొంటున్నారు కాబట్టి రెండింటికీ ఒకే రకం అడుగు తీసుకోవద్దని నా సలహా.

ఇక రూపం విషయం. రూపం వల్ల బంతి వేరేలా ఎగరదు, కానీ మీరు వేరేలా నిలబడతారు, వేరేలా కొడతారు. పై నుంచి చూసినప్పుడు కనిపించే మూడు విషయాలను నేను లెక్కలోకి తీసుకుంటాను. మొదటిది ముందు అంచు ఆకారం: తిన్నగా ఉన్న అంచును లక్ష్యానికి గురిపెట్టడం సులువు, గుండ్రంగా వంపు తిరిగిన అంచును తెరిచి పెట్టినా కంటికి వింతగా అనిపించదు. రెండోది తల ఆకారం: కన్నీటిచుక్కలా మడమ దగ్గర సన్నగా, బొటనవేలి వైపు నిండుగా ఉండేది చాలామంది కంటికి నచ్చుతుంది. ఎక్కువ లాఫ్ట్ ఉన్న కొన్ని వెడ్జ్‌లలో బొటనవేలి వైపు ఇంకా ఎత్తు పెంచి, గాడులను ముఖమంతటా చెక్కుతారు. రఫ్‌లో (పొడవాటి గడ్డిలో) ముఖం తెరిచి ఆడినప్పుడు బంతి పైకి జారి తగిలినా అక్కడ గాడులు ఉండాలన్నది దాని ఉద్దేశం. మూడోది ఆఫ్‌సెట్, అంటే షాఫ్ట్ కంటే ముందు అంచు ఎంత వెనక్కి ఉందన్నది. ఐరన్ల సెట్‌తో వచ్చే వెడ్జ్‌లలో ఇది ఎక్కువగా ఉంటుంది, విడిగా అమ్మే వెడ్జ్‌లలో తక్కువ. నిండు స్వింగ్‌తో ఆడే గ్యాప్ వెడ్జ్ (పిచింగ్ వెడ్జ్‌కూ శాండ్ వెడ్జ్‌కూ మధ్యది) మీ ఐరన్లలా కనిపిస్తేనే మేలని, గ్రీన్ చుట్టూ వాడే వెడ్జ్‌లకు ఆఫ్‌సెట్ తక్కువగా ఉంటేనే మేలని నాకు అనిపిస్తుంది.

రంగు గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. క్రోమ్ పూత తుప్పు పట్టదు, కానీ ఎండలో కళ్లలోకి మెరుస్తుంది. నల్ల పూత మెరవదు గానీ, బంతి తగిలే చోట అరిగిపోతుంది. పూత లేని ముడి ఉక్కు కొద్ది వారాల్లోనే గోధుమరంగు తిరుగుతుంది. తుప్పు పట్టిన ముఖం బంతిని ఎక్కువగా తిప్పుతుందని కొందరంటారు. నా ఆటలో అలాంటి తేడా నాకు ఎప్పుడూ కనబడలేదు, స్పిన్ వచ్చేది గాడుల అంచుల నుంచి, ముఖం గరుకుదనం నుంచి. నల్ల పూతలో నాకు నచ్చినది ఒకటి మాత్రం ఉంది. ఏడాది వాడాక నా 58 ముఖం మీద రూపాయి బిళ్లంత చోట పూత పోయి వెండిలా తేలింది. ఆ మచ్చ మధ్యలో కాకుండా మడమ వైపు అర అంగుళం జరిగి ఉండటం చూసి, బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నానని తెలుసుకున్నాను.

స్పర్శ గురించి మీరు వినే మాటల్లో ఎక్కువ భాగం నిజానికి శబ్దం గురించినవే. పోత పోసిన తల గట్టిగా ఉంటుందని, సుత్తె దెబ్బతో మలిచిన ఫోర్జ్‌డ్ తల మెత్తగా ఉంటుందని అంటారు. ఒక మిత్రుడు నా చేతికి ఒకదాని తర్వాత ఒకటిగా రెండు రకాల వెడ్జ్‌లూ అందిస్తూ ఉంటే, చెవుల్లో దూది పెట్టుకుని, క్లబ్బు ముఖం కేసి చూడకుండా, ఒకే రకం బంతులను కొట్టి చూశాను. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. దూది తీసేశాక మాత్రం తేడా వెంటనే వినిపించింది. బంతి మారిస్తే వచ్చే తేడా ఇంతకంటే చాలా పెద్దది. మెత్తని యూరేథేన్ ప్లాస్టిక్ కవర్ ఉన్న బంతి ముఖానికి అతుక్కుని వెళ్తున్నట్టు మెత్తని చప్పుడు చేస్తుంది, గ్రీన్ మీద త్వరగా ఆగుతుంది. గట్టి అయోనోమర్ ప్లాస్టిక్ కవర్ ఉన్నది టక్కుమని తగిలి, ఎత్తుగా లేచి, కింద పడ్డాక దొర్లుతుంది. స్పర్శలో నేను నిజంగా పట్టించుకునేది బరువు. వెడ్జ్ తల సుమారు 300 గ్రాములు ఉంటుంది, పొడవాటి ఐరన్ల తలల కంటే బరువైనది. ఆ బరువు చేతికి తెలుస్తూ ఉంటేనే నెమ్మదైన స్వింగ్‌లో తల దానంతట అది కిందికి పడుతుంది. మరీ తేలికైన షాఫ్ట్ వేసిన వెడ్జ్‌తో నా చేతులు తొందరపడ్డాయి.

గాడుల విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. గాడుల పని నీటినీ గడ్డి రసాన్నీ పక్కకు పోనిచ్చి, బంతికీ ముఖానికీ మధ్య రాపిడి మిగల్చడం. కారు టైరు మీది గాడులు చేసే పని లాంటిదే ఇది. రఫ్‌లోంచి కూడా మరీ ఎక్కువ స్పిన్ వస్తోందని గోల్ఫ్ నియమాలు రూపొందించే యుఎస్‌జిఎ, ఆర్ అండ్ ఎ సంస్థలు 25 డిగ్రీలు, ఆపైన లాఫ్ట్ ఉన్న క్లబ్బుల గాడుల పరిమాణానికీ అంచుల పదునుకూ పరిమితి విధించాయి. ఆ నియమం 2010లో పెద్ద వృత్తి పోటీలలో అమలులోకి వచ్చింది. ఈనాడు కొత్తగా కొనే వెడ్జ్‌లు దాదాపు అన్నీ ఆ పరిమితికి లోబడినవే కాబట్టి, కొత్త వాటి మధ్య గాడుల తేడా కంటే కొత్తదానికీ అరిగినదానికీ మధ్య తేడానే మీకు ఎక్కువగా కనిపిస్తుంది. బంకర్‌లో ఎక్కువగా సాధన చేసే వెడ్జ్ త్వరగా అరుగుతుంది, ఇసుక దాన్ని ఆకురాయిలా గీస్తుంది. నా పాత 56ను, కొత్త 56ను తడి గడ్డి మీద ఒకే రోజు, ఒకే చోటి నుంచి ఆడాను. పాతదానితో కొట్టిన బంతి ముఖం మీద పైకి జారి ఎక్కువ ఎత్తు లేచింది, తక్కువ తిరిగింది, పడిన చోటి నుంచి చాలా దూరం దొర్లింది. పొడి నేల మీద మాత్రం రెండింటి మధ్య తేడా అంతగా తెలియలేదు. గాడుల్లో మట్టి ఉంటే కొత్త వెడ్జ్ కూడా అరిగినదానిలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి ప్రతి షాట్ తర్వాత తుడవండి.

లాఫ్ట్ లెక్క సులువైనదే. ఈ రోజుల్లో సెట్‌తో వచ్చే పిచింగ్ వెడ్జ్‌కు 43 నుంచి 46 డిగ్రీలు మాత్రమే ఉండటం మామూలు. ముందు మీదెంతో కనుక్కుని, అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టుకు 4 నుంచి 6 డిగ్రీల తేడా ఉంచండి. మీది 45 అయితే 50, 56 సరిపోతాయి. సంచిలో 14 క్లబ్బులకు మించరాదు కాబట్టి మూడోది కొనే ముందు ఏది తీసేస్తారో ఆలోచించుకోండి.

వీలైతే ప్లాస్టిక్ చాప మీద కాకుండా గడ్డి మీదే పరీక్షించండి, ఎందుకంటే చాప మీద ఎలాంటి అడుగైనా జారుతుంది, నా 60 డిగ్రీల వెడ్జ్ కూడా అక్కడ అద్భుతంగా అనిపించింది. సాధన బంకర్ ఉంటే ఇసుకలో మీ కాళ్ల మధ్యగా ఒక గీత గీసి, బంతి లేకుండా ఆ గీతను కొడుతూ పది స్వింగ్‌లు చేయండి. గీత దగ్గర మొదలై చేయి వెడల్పున, లోతు లేకుండా, పళ్లెంలా పరుచుకున్న గుంట పడితే ఆ అడుగు మీ స్వింగ్‌కు సరిపడినది. గుంట ఇరుకుగా లోతుగా పడితే దాన్ని అక్కడే వదిలేసి, ఇంకొంచెం బౌన్స్ ఉన్నదాన్ని అడిగి తీసుకుని, పక్కన ఇంకో గీత గీసి మళ్లీ పది సార్లు కొట్టి చూడండి.